పోయినవాడి పద్దు

చాలా రోజులైంది ఇక్కడ రాసి. ఈసారి ఎత్తుకున్న విషయం చూసి కొందరు మిత్రులు నొసలు ముడివేస్తారేమో. కథల గురించి కాదు, ఛందస్సు గురించి కాదు. అమెరికావాళ్ళు ఫుట్‌బాల్ అని పిలుచుకునే ఆటలో జీతాల లెక్కల గురించి. కాలితో తన్నడం అరుదుగా మాత్రమే జరిగే ఆటకి ఆ పేరెందుకు వచ్చిందో నన్నడగకండి. ఆ ఆట నాకిప్పటికీ సగమే అర్థమవుతుంది. పద్దులు మాత్రం అర్థమవుతాయి. అది నా వృత్తి. నాకన్నా ముందు మా నాన్నగారి వృత్తి. ఆయన తెనాలిలో ఒక రైసుమిల్లులో ముప్ఫై ఏళ్ళు గుమాస్తాగా చేశారు.

మేము డెట్రాయిట్ శివార్లలో ఉంటున్నాం. ఈ ఊరి జట్టు పేరు లయన్స్. పేరుకే సింహాలు. 1992 జనవరిలో ఒక ప్లేఆఫ్ ఆట గెలిచారు. అలాంటి గెలుపు మళ్ళీ చూడడానికి ఈ ఊరు 32 ఏళ్ళు కాచుకోవలసి వచ్చింది. 2008లోనైతే ఆడిన పదహారు ఆటలూ ఓడిపోయారు. మా ఇంట్లో మా ఆయన క్రికెట్టు తప్ప వేరే ఆటని ఆటగా ఒప్పుకోరు. మావాడు ఇక్కడ పుట్టినవాడు కనుక ఈ ఓడిపోయే జట్టుని ప్రేమించాడు. ప్రేమకి కారణం అడిగితే చెప్పలేడు. జట్టులో బంతి విసిరే నాయకుడు మాథ్యూ స్టాఫర్డ్ తొమ్మిదో నెంబరు చొక్కా వేసుకుని నిద్రపోయేవాడు.

2021 జనవరి చివర్లో స్టాఫర్డ్‌ని లాస్ ఏంజెలెస్ రామ్స్‌కి ఇచ్చేసి, బదులుగా వాళ్ళ జారెడ్ గాఫ్‌ని, దానితోపాటు రాబోయే ఏళ్ళలో కొత్త కుర్రాళ్ళని ముందుగా ఎంచుకునే హక్కులు కొన్నింటిని తీసుకుంటున్నారని వార్త వచ్చింది. ఆ రాత్రి మావాడు అన్నం తినలేదు. అప్పుడు వాడికి పన్నెండేళ్ళు. మర్నాడు కళ్ళు తుడుచుకుని, పత్రికలో చదివిన ఒక సంగతి పట్టుకొచ్చాడు.

"అమ్మా, గాఫ్ ఇక్కడ ఆడతాడు కదా. మరి రామ్స్ లెక్కలో అతని పేరు మీద 2.22 కోట్ల డాలర్లు ఉంటాయట. ఆడనివాడికి వాళ్ళెందుకు జీతమిస్తున్నారు?"

పిల్లలు మన వృత్తి గురించి ప్రశ్న వేయడం ఎప్పుడో గాని జరగదు. నాకు లోపల సంతోషం వేసింది. వాడి దుఃఖం మీద నేను సంతోషపడ్డానని ఇప్పుడు తలచుకుంటే కాస్త సిగ్గుగానే ఉంది.

ముందు పరిమితి సంగతి. 1993 దాకా ఆటగాడు ఒప్పందం ముగిసినా తనకిష్టమైన జట్టుకి స్వేచ్ఛగా వెళ్ళడం కష్టం. కోర్టుల్లో పోట్లాడి, చివరికి ఆటగాళ్ళ సంఘమూ యజమానులూ రాజీ పడ్డారు. ఆటగాళ్ళకి స్వేచ్ఛ దక్కింది. యజమానులకి పరిమితి దక్కింది. ఏ జట్టూ ఏడాదిలో జీతాలకింద ఇంతకు మించి పద్దు రాయకూడదు అన్నదే ఆ పరిమితి. మొదటి ఏడు, 1994లో, అది 3.46 కోట్ల డాలర్లు. 2025లో 27.92 కోట్లు. లీగు మొత్తం ఆదాయంలో ఆటగాళ్ళ వాటా ఇంత శాతమని ముందే కుదుర్చుకుని, దాన్ని 32 జట్లకీ సమంగా పంచితే వచ్చే అంకె అది. 2020 నాటి ఒప్పందం ప్రకారం ఆ వాటా 2021 నుంచి కనీసం 48 శాతం. అంటే పరిమితి ఒక గోడ మాత్రమే కాదు, ఒక వాటా కూడా. ఈ రెండో ముఖాన్ని పత్రికలు సాధారణంగా చెప్పవు.

"ఇంతకు మించి ఖర్చు పెట్టకూడదు" అనలేదు, "పద్దు రాయకూడదు" అన్నాను, గమనించారా? కథంతా అక్కడే ఉంది.

మావాడికి ఇది చెప్పడానికి అటూఇటూ వెతికి, చివరికి పెట్టెలోంచి ఒక పాత పుస్తకం తీశాను. నాన్నగారు పోయాక తెనాలి నుంచి తెచ్చుకున్నది. మా తాతగారి ఇంటి ఆవర్జా. పాతకాలపు లెక్కలు తెలియనివారి కోసం: చిట్టా అంటే రోజువారీ పుస్తకం. ఈ రోజు చేతిలోకి ఎంత వచ్చింది, ఎంత పోయింది, సాయంత్రానికి నిలువ ఎంత. ఆవర్జా అంటే మనిషి మనిషికీ ఒక పుట. చిట్టాకి తెలిసినది నగదు. ఆవర్జాకి తెలిసినది సంబంధం. ఎవరు మనకెంత, మనం ఎవరికెంత.

ఫుట్‌బాల్ జట్టుకి కూడా ఇవి రెండూ ఉన్నాయి. ఆటగాడు ఒప్పందం మీద సంతకం పెట్టగానే ఒక పెద్ద మొత్తం ఇస్తారు. సైనింగ్ బోనస్ అంటారు. నేను మావాడికి "సంతకం సొమ్ము" అని చెప్పాను. అది చిట్టాలో ఆ ఏడే ఖర్చు. కాని లీగు ఆవర్జాలో దాన్ని ఒప్పందం ఎన్నేళ్ళుంటే అన్నేళ్ళకి, గరిష్ఠంగా ఐదేళ్ళకి, సమంగా పరిచి రాయనిస్తారు. వంద రూపాయల సంతకం సొమ్ము, ఐదేళ్ళ ఒప్పందం అనుకోండి. ఆటగాడి చేతిలో వందా ఈ రోజే పడుతుంది. పద్దులో ఏడాదికి ఇరవై. దానికి తోడు ఏ ఏటి జీతం ఆ ఏటికి చేరుతుంది.

రెండేళ్ళు ఆడాక అతన్ని తీసేశారు, లేదా వేరే జట్టుకి ఇచ్చేశారు. పద్దులో నలభయ్యే రాశారు. ఇంకా అరవై మిగిలి ఉంది. ఆ అరవై ఎక్కడికీ పోదు. కొత్త జట్టుకి బదిలీ కాదు, ఎందుకంటే డబ్బు ఇచ్చింది పాత జట్టు. మిగిలిన మూడేళ్ళ భాగాలూ ఒక్కసారిగా వచ్చి ఆ ఏటి నెత్తిన పడతాయి. (జూన్ ఒకటి తర్వాత పంపేస్తే, ఆ ఏటి ఇరవై ఆ ఏటికీ, మిగిలిన నలభై మరుసటి ఏటికీ రాసుకోవచ్చు. ఆ తేదీకి ముందే పంపినా, అలా పంపినట్టు భావించమని ఏడాదికి ఇద్దరి విషయంలో అడగవచ్చు. పద్దులవాళ్ళకి తేదీలంటే ఎంత ప్రేమో ఈ ఒక్క నియమం చాలు చెప్పడానికి.) ఆ మనిషి ఆ జట్టుకి ఒక్క ఆట కూడా ఆడడు. అతని పేరు మీది పద్దు మాత్రం ఆడుతున్నవాళ్ళ చోటు ఆక్రమిస్తుంది.

దీన్నే "డెడ్ మనీ" అంటారు. దీనికి తెలుగేమిటని నేనూ మావాడూ చాలాసేపు వాదించుకున్నాం. "మృతధనం" పాఠ్యపుస్తకంలా ఉంది. "మురిగిపోయిన సొమ్ము" అంటే వాడకుండా పోయినదన్న అర్థం వస్తుంది. ఇది వాడేసిన సొమ్ము. చివరికి "పోయినవాడి పద్దు" అని స్థిరపడ్డాం. మీలో ఎవరికైనా ఇంతకన్నా మంచి మాట తోస్తే చెప్పండి.

కాబట్టి గాఫ్ పేరు మీది ఆ 2.22 కోట్లు రామ్స్ కొత్తగా ఇస్తున్నవి కావు. ఎప్పుడో ఇచ్చేసి, అప్పుడు పూర్తిగా రాయనివి. 2019లో గాఫ్ చేత నాలుగేళ్ళ పొడిగింపు మీద సంతకం పెట్టించుకున్నారు: మొత్తం 13.4 కోట్లు, అందులో 11 కోట్లకి హామీ. ఆ పొడిగింపు ఏళ్ళు మొదలు కాకముందే మనిషి అక్కరలేకపోయాడు. అంత పోయినవాడి పద్దు ఏ ఒక్క ఆటగాడి మీదా అప్పటిదాకా ఎవరూ రాయలేదు. ఆ రికార్డు ఎక్కువకాలం నిలవలేదనుకోండి. అదే ఏడు ఫిలడెల్ఫియా కార్సన్ వెంట్జ్ మీద 3.38 కోట్లు రాసింది. మరుసటి ఏడు అట్లాంటా మాట్ రయన్ మీద 4.05 కోట్లు. 2024లో డెన్వర్ రసెల్ విల్సన్‌ని పంపేసి రెండేళ్ళలో 8.5 కోట్లు తలకెత్తుకుంది: మొదటి ఏడు 5.3, రెండో ఏడు 3.2. పైగా ఆ ఏటికి అతనికి హామీ ఇచ్చిన 3.9 కోట్లలో, పిట్స్‌బర్గ్ ఇచ్చిన కనీస వేతనం 12.1 లక్షలు పోను మిగిలినదంతా డెన్వరే కట్టింది, అతను పిట్స్‌బర్గ్ చొక్కా వేసుకుని ఆడుతూండగా.

జట్లు ఇలా ఎందుకు చేస్తాయి? ఈ ఏడు గెలవాలన్న ఆశ కొద్దీ. ఒకరికి ఈ ఏడు జీతం ఇరవై ఉందనుకోండి. పరిమితి నిండిపోయింది. అతన్ని పిలిచి, జీతాన్ని కనీసానికి దించి మిగిలినది సంతకం సొమ్ముగా మార్చి ఇప్పుడే చేతిలో పెడతారు. అతనికి నష్టం లేదు, డబ్బు ముందే వచ్చింది. పద్దు మాత్రం ఐదు ముక్కలై ముందుకి జరిగింది. ఒప్పందంలో అన్నేళ్ళు మిగలకపోతే, ఎవరూ ఆడబోరని అందరికీ తెలిసిన ఉత్తుత్తి ఏళ్ళు చివర్లో అతికిస్తారు; పద్దు పరచడానికి తప్ప వాటికి వేరే పని లేదు. టామ్ బ్రేడీ ఆట మానేశాక 2023లో టాంపా బే ఆయన పేరు మీద 3.51 కోట్లు రాసుకున్నది ఆ ఏళ్ళ పుణ్యమే.

పరిమితి ఏటేటా పెరుగుతూంటే ఈ రోజు పది రేపటికి చిన్నదవుతుంది కదా, వాయిదా వేయడమే తెలివి అని వాదించేవాళ్ళున్నారు. వాదన తప్పు కాదు. కాని 2020లో 19.82 కోట్లున్న పరిమితి, ప్రేక్షకులు లేని మైదానాల పుణ్యమా అని 2021లో 18.25 కోట్లకి పడిపోయింది. పెరుగుతుందన్న ధీమాతో రాసిన పద్దులన్నీ ఆ ఏడు ఎదురు తిరిగాయి. ఇంకో చిత్రం కూడా చెప్పాలి. 2010లో ఒప్పందపు మెలిక వల్ల అసలు పరిమితే లేదు. ఆ ఏడు జీతాలు గుమ్మరించి పాత భారాలు వదిలించుకున్నందుకు 2012లో వాషింగ్టన్ పరిమితిలో 3.6 కోట్లు, డాలస్ పరిమితిలో కోటి డాలర్లు కోసేశారు. లేని గోడని దూకిన నేరం!

ఇదంతా జట్ల వైపు నుంచి. ఆటగాడి వైపు నుంచి చూస్తే సంగతి వేరు. బేస్‌బాల్‌లోనూ బాస్కెట్‌బాల్‌లోనూ రాసిన జీతం చాలావరకు దక్కుతుంది. ఫుట్‌బాల్‌లో దక్కుతుందన్న నమ్మకం లేదు. 2020లో పాట్రిక్ మహోమ్స్ పదేళ్ళకి 45 కోట్లని పత్రికలు మొదటి పుటలో వేశాయి. చివరి ఏళ్ళ అంకెలు ఆ రోజు ఒట్టి అంకెలే. మోకాలు విరిగినా, వయసు మళ్ళినా, ఊరికే నచ్చకపోయినా, హామీ లేని జీతాన్ని జట్టు ఒక్క కాగితంతో కొట్టివేయగలదు. చేతిలో పడిన సంతకం సొమ్మే నిజం. మొత్తం జీతానికి హామీ ఇవ్వడమన్నది అరుదు. 2018లో కర్క్ కజిన్స్‌కి మిన్నెసోటా మూడేళ్ళకి 8.4 కోట్లు అలా ఇస్తేనే వింతగా చెప్పుకున్నారు.

మరి జట్టుకి అక్కరలేనప్పుడు అలా వదిలించుకుంటుంది సరే, ఆటగాడికి అక్కరలేకపోతే? దీనికి ఈ ఊరే సాక్ష్యం. బారీ సాండర్స్ 1997లో ఆరేళ్ళ ఒప్పందం మీద సంతకం పెట్టి 1.1 కోటి డాలర్లు తీసుకున్నాడు. 1999 జూలైలో, అప్పటి అత్యధిక పరుగు రికార్డుకి 1,457 గజాల దూరంలో ఉండగా, తన సొంత ఊరి పత్రికకి ఒక ఫాక్సు పంపి ఆట మానేశాడు. డెట్రాయిట్ జట్టు సంతకం సొమ్ములో సగం, 55 లక్షలు, తిరిగిమ్మంది. మధ్యవర్తి దగ్గరికి వెళ్ళింది. ఆడకుండా ఉన్న ఒక్కొక్క ఏటికి ఆరోవంతు చొప్పున ఇవ్వాలని 2000లో తీర్పు వచ్చింది. పదహారేళ్ళ తర్వాత కాల్విన్ జాన్సన్ ముప్ఫయ్యో ఏట ఒళ్ళు సహకరించక ఆట మానుకుంటే, అదే జట్టు పది లక్షల డాలర్లకి పైగా వెనక్కి తీసుకుంది. ఏళ్ళ తరబడి ఆయన ఆ జట్టు గడప తొక్కలేదు. ఆయన కోపం నాకు అర్థమవుతుంది. ఎందుకో చెబుతాను.

2014లో నేనొక ఉద్యోగంలో చేరాను. సంస్థ పేరు అనవసరం. చేరినందుకు 12,000 డాలర్లు ఇచ్చారు. రెండేళ్ళలోపు మానేస్తే తిరిగి ఇవ్వాలని చిన్న అక్షరాల్లో ఉంది. సంతకం పెట్టేటప్పుడు చదివాను కూడా. పద్నాలుగో నెలలో నాన్నగారికి ఒళ్ళు బాగా లేదని కబురొచ్చింది. మూడు నెలలు సెలవడిగితే కుదరదన్నారు. రాజీనామా ఇచ్చి తెనాలి వెళ్ళిపోయాను. వెళ్ళిన రెండో వారంలో ఉత్తరం: మొత్తం 12,000 తిరిగి కట్టవలసినది. పద్నాలుగు నెలలు పని చేసిన వాటా తీసేసి కాదు; పన్ను కింద పోయిన భాగం, నా చేతికి అసలు రానిది, అది కూడా కలిపి. వాళ్ళే నన్ను తీసేసి ఉంటే పైసా అడిగేవారు కాదు. బారీ సాండర్స్‌కి ఆరోవంతుల లెక్క కట్టిన మధ్యవర్తి ఉన్నాడు, వెనక ఒక సంఘం ఉంది. నాకు ఒక ఇమెయిలు చిరునామా ఉంది. దానికి రాస్తే జవాబు రాలేదు.

మంచం పక్కన కూర్చుని ఆ ఉత్తరం నాన్నగారికి చదివి వినిపించాను, ఆయన నా పక్షాన కోపగించుకుంటారని. ఆయన కళ్ళు మూసుకునే విన్నారు. "తీసుకున్నావు కదమ్మాయ్. ఇచ్చెయ్యి. పద్దు మిగల్చకు" అన్నారు. ఎంత ఒళ్ళు మండిందో చెప్పలేను. ముప్ఫై ఏళ్ళు ఒకరి పుస్తకాలు రాసిన మనిషి యజమాని పక్షాన తప్ప ఆలోచించలేడని మనసులో అనుకున్నాను. డబ్బు కట్టేశాను. ఆయన మరో ఐదు వారాలున్నారు.

ఇప్పుడు మళ్ళీ ఆ ఆవర్జా దగ్గరికి వస్తాను. 2021లో ఆ రోజు మావాడు పుటలు తిప్పుతున్నాడు. తెలుగు చదవడం కూడబలుక్కుని వచ్చు. ఒక పుట దగ్గర ఆగి, "అమ్మా, ఇక్కడ ఒకతని పేరు కొట్టేసి ఇంకో పేరు రాశారు" అన్నాడు. అది మా తాతగారి పాలేరు పుట. ఆ కుటుంబం ఇంకా మా ఊళ్ళోనే ఉంది, పేరు రాయను. సాలుకి ఇన్ని బస్తాల వడ్లని జీతం. 1958లో కూతురి పెళ్ళికి మూడు వందలు ముందుగా తీసుకున్నాడు. ఏటా కొంత విరుపు, మళ్ళీ పురుడుకో వైద్యానికో కొంత తీసుకోవడం, మళ్ళీ కిందటి నిలువ. 1961లో మనిషి పోయాడు. మరుసటి సాలు అదే పుట మీద అతని కొడుకు పేరు, దాని కింద మొదటి వరస: "తండ్రి బాకీ, రూ. 214". కొడుకుకి అప్పటికి పదిహేనేళ్ళుంటాయేమో.

"పోయినవాడి పద్దు" అన్నాడు మావాడు, కొత్తగా నేర్చుకున్న మాట వాడడానికి అవకాశం దొరికిన సంబరంతో. నేను వాడికి తేడా చెప్పాలనుకున్నాను. అక్కడ పోయినవాడి పద్దు యజమాని నెత్తిన పడుతుంది, ఇక్కడ కొడుకు నెత్తిన పడింది అని. చెప్పలేకపోయాను. పుట అడుగున, 1964లో, ఒక్క మాట ఉంది: "చెల్లు". దస్తూరి మా నాన్నగారిది. రాత బాగుంటుందని తాతగారు ఆయన చేతే ఇంటి లెక్కలు రాయించేవారట. ఆయనకప్పుడు పంతొమ్మిదేళ్ళు. ముందు ఏటి నిలువ రూ. 190 ఉంది. ఎలా చెల్లిందో అక్కడ లేదు. ఏ ఆవర్జా వరసకైనా వెనక చిట్టాలో ఒక జమ ఉండాలి. ఆ చిట్టా నా దగ్గర లేదు.

తర్వాత సంగతి మీలో కొందరికి తెలిసే ఉంటుంది. స్టాఫర్డ్ 2022 ఫిబ్రవరిలో రామ్స్‌కి సూపర్ బౌల్ గెలిచిపెట్టాడు. రామ్స్ రాసుకున్న ఆ 2.22 కోట్లకి గిట్టుబాటైందన్న మాటే. గాఫ్, ఒక జట్టు డబ్బిచ్చి మరీ వదిలించుకున్న మనిషి, మా ఊళ్ళో ఓడిపోతూ గెలుస్తూ నిలబడ్డాడు. 2024 జనవరి 14న ఆ స్టాఫర్డ్ జట్టే ఇక్కడికి ప్లేఆఫ్ ఆడడానికి వచ్చింది. 24–23తో డెట్రాయిట్ గెలిచింది. 32 ఏళ్ళ తర్వాత. మైదానమంతా గాఫ్ పేరు జపించింది. మా ఇంట్లో కూడా. మావాడు పాత తొమ్మిదో నెంబరు చొక్కా మీద కొత్త పదహారో నెంబరు చొక్కా తొడుక్కుని చూశాడు. రెండో దానికోసం మొదటిది విప్పలేదు. ఆ మే నెలలో గాఫ్‌కి నాలుగేళ్ళకి 21.2 కోట్లన్న వార్త రాగానే వాడు అడిగిన మొదటి ప్రశ్న: "హామీ ఎంత?" పదిహేడు కోట్లు. "పరవాలేదు" అన్నాడు, పెద్ద గుమాస్తాలా.

ఆ వేసవిలో తెనాలి వెళ్ళాం. ఇల్లు అమ్మకానికి పెట్టాం, అటక దించాలి. ఇత్తడి బిందెల వెనక, గోనెపట్టాలో చుట్టి, చిట్టాలు దొరికాయి. కొన్నింటిని చెదలు తినేసింది. 1964ది ఉంది. ఆవర్జాలో "చెల్లు" పక్కనున్న తేదీ నాకు కంఠతా వచ్చు. నేనూ మావాడూ వసారాలో కూర్చుని ఆ రోజు పుట తీశాం. కిరసనాయిలు. కొబ్బరికాయలు రెండు. మంగలికి. తవుడు అమ్మగా జమ. పాలేరు పేరు లేదు. ఆ ముందు నెలంతా చూశాం, తర్వాతి నెలంతా చూశాం. ఆ పేరున ఎక్కడా ఒక్క రూపాయి జమ లేదు.

సాయంత్రపు నిలువ మావాడు తన ఫోనులో కూడి చూశాడు. నయాపైసతో సహా సరిపోయింది.